పనస చెక్కకు నీలం రంగు

ఒక తలుపు బరువు ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉంది. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

మాది ఉద్దానంలో, అక్కుపల్లికి దగ్గర ఊరు. ఆ పెద్ద తుఫాను మా జీడితోటతో పాటు పెరటి తలుపునూ ఊడబెరికింది. అప్పుడు ఇంట్లో మా అమ్మాయి పచ్చి బాలింత. తలుపులేని గుమ్మంలోంచి జల్లు మంచం దాకా కొడుతుంటే, పసిగుడ్డును ఏ మూలన పెట్టుకోవాలో తెలియక నేనూ మా ఆయనా చెరోవైపు గోనెపట్టా పట్టుకుని నిలబడ్డాం. గాలి తగ్గాక తోటలో కూలిన చెట్ల మధ్య ఒక తలుపు దొరికింది. పనస చెక్కది. చూడగానే గుర్తుపట్టాను. పక్కింటి సూరమ్మ వదినది.

ఇద్దరం మోసుకొచ్చి మా గుమ్మానికి బిగించాం. మా గుమ్మం కాస్త వెడల్పు. పక్కన మిగిలిన సందులో గుడ్డలు కుక్కాను. పురుడు వెళ్లేదాకానే, తర్వాత ఇచ్చేద్దాం అన్నాను. నిజంగానే అనుకున్నానా? ఇప్పుడు తలుచుకుంటే, మా ఆయన నోరు మూయించడానికే ఆ మాట అన్నానేమో అనిపిస్తుంది.

వదిన వెతుక్కుంటూ మా వీధి గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ భర్త పోయి అప్పటికి ఏడాది.

"మా పెరటి తలుపు ఎక్కడైనా అగుపడిందేటి వదినా? మంచాన పడకముందు మా పనసచెట్టు కొట్టి ఆయన సేత్తో సేసిన తలుపు. మరేటీ అడగను, అదొక్కటి దొరికితే సాలు."

"నేదు వదినా. ఆ గాలికి ఏ సముద్రంలో పడిపోనాదో," అన్నాను.

ఆవిడకూ ఆ తలుపుకూ మధ్య అడ్డం మా వంటిల్లొక్కటే.

మావైపు పనస చెక్కకు ఎవరూ రంగు వెయ్యరు. నూనె రాసి, ఆ పసుపుపచ్చదనం చూసుకుని మురిసిపోతారు. నేను నీలం రంగు వేయించాను. ఒక పూత చాల్లేదనిపించి రెండోది కూడా వేయించాను. అడిగినవాళ్లకు చెదలు పట్టకుండా అని చెప్పాను. పనసకు చెదలేమిటని ఎవరూ నిలదీయలేదు.

వదిన తన గుమ్మానికి మొదట పట్టా కట్టింది. తర్వాత రేకు పెట్టింది. గాలి వీచినప్పుడల్లా ఆ రేకు కొట్టుకునే చప్పుడు మా ఇంట్లోకి వినిపించేది. మా ఆయన నావైపు చూసేవాడు. నేను ఏదో పని కల్పించుకునేదాన్ని. తిరిగి ఇవ్వాలంటే ముందు ఆ అబద్ధం ఒప్పుకోవాలి కదా. తలుపు కంటే ఆ అబద్ధాన్నే ఎక్కువ జాగ్రత్తగా కాపాడుకున్నాను.

ఈ వేసవిలో అమ్మాయి పోరు పడలేక పలాస నుంచి ఇనుప తలుపు తెప్పించి పెట్టించాం. పాతది గోడకు చేరవేసి ఉండగా వదిన చూసింది.

"ఇది పొయ్యిలోకైతే నాకిచ్చీ వదినా. నా రేకు తుప్పట్టీసింది," అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను. తీసుకెళ్లమన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, మా అమ్మాయి పిల్లాపాపలతో చల్లగా ఉండాలని దీవించింది. సాయంత్రం కొబ్బరికాయలు తెచ్చిచ్చింది. ఆవిడ తలుపును ఆవిడకే దానం చేసి, పైగా దీవెన పుచ్చుకున్న మనిషిని నేను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

బిగించే రోజు నన్ను పిలిచింది. ఎక్కడా చిత్రిక పట్టాల్సిన పనిలేకుండా తలుపు గుమ్మంలో అమరిపోయింది. వదిన దాన్ని మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది.

"కొలిసి సేసినట్టే ఉంది కదొదినా," అంది, నా మొహంలోకి చూస్తూ.

కొలిచే చేశాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల ఊపాను. ఆవిడకు తెలిసిపోయిందా? అడగలేను. అడగాలంటే చెప్పాలి.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో పని కాదు. ఆవిడ ముందు పెగలని మాట ఒక్కసారి బయటపడితే చాలు, కాస్త ఊపిరాడుతుంది.

ఆ తలుపు నీదే వదినా. నేనే దాచాను.