మా ఊరి కుళాయి నీళ్లు

సోంపేట నుంచి పలాస వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పేరు నేను అడగలేదు. ఆయన వాళ్ల ఊరికి ఒకప్పటి సర్పంచి. కిడ్నీలు చెడిపోయి డయాలసిస్‌కు వెళ్తున్నారు. డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమన్నారట. అయినా ఆయన ఒళ్లో నిండు సీసా ఉంది.

"మా ఊరి కుళాయి నీళ్లు బాబూ. ఆఫీసుల సుట్టూ తిరిగి నానే తెప్పించినాను. తాగి సూడండి."

"ప్రెసిడెంటు గారూ, ఇంకా ఓట్లడుగుతన్నారేటి?" అని కండక్టరు నవ్వాడు.

నేను ఒక గుక్క తాగి, తియ్యగా ఉన్నాయన్నాను. ఆయన చూపు నా గొంతు మీదే ఉంది.

"నాకు గొంతు తడుపుకోడమే బాబూ. సెంబెత్తి గడగడా తాగాలనుంటాది. మీరు తాగీండి, సూత్తాను."

పలాస వచ్చేలోపు, ఆయన చూస్తుండగా, సీసా ఖాళీ చేశాను. నాకసలు దాహం లేదు.