బొట్టు పెట్టుకున్న లాప్‌టాప్

మా ఇంట్లో దాన్ని ఎవరూ లాప్‌టాప్ అని పిలవలేదు. నాయినమ్మ దాన్ని "డబ్బ" అనేది. హైదరాబాద్ కంపెనీలో పనిచేసే మా బావ, అంటే మా అక్క భర్త, దానికి "పలక" అని పేరు పెట్టాడు. "పలక మీద ఓనమాలు దిద్దుతున్నవా మరదలా?" అని వచ్చినప్పుడల్లా అడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది. అది నా జీతంతో నేను కొనుక్కున్న మొదటి వస్తువు. స్టేషన్ ఘన్‌పూర్‌లో మా వీధిలో అంతకు ముందు ఏ ఆడపిల్లా తన సంపాదనతో కంప్యూటర్ కొన్నది లేదు.

చిన్నది, నిజమే. విస్తరాకులో సగం ఉండేది. సీడీ పెట్టే చోటు లేదు. పొద్దున దాన్ని ఆన్ చేసి, వాకిట్లో సాన్పి చల్లి, ముగ్గేసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి మెల్లగా తెర వెలిగేది. మీటలు మరీ చిన్నవి కాబట్టి ఒకటి నొక్కితే పక్కది కూడా పడేది. అయినా నేను కంప్యూటర్ టీచర్‌గా చేసే ప్రైవేటు బడి ప్రశ్నపత్రాలన్నీ దాని కడుపులోంచి వచ్చినవే. దానికి ఒక్క సుగుణం ఉంది. ఒకసారి కడుపు నిండా చార్జింగ్ తాగిందంటే పూటంతా కరెంటు ముఖం చూడకుండా పనిచేసేది. ఆ సుగుణాన్ని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బడులు మూతపడ్డాయి. స్టేషన్ దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే, ఇంట్లో వండుకునే పని తప్పిందని నాయినమ్మ సంబరపడుతూ రోజూ పోయి కూర్చునేది. బొగ్గు గనుల వాళ్ళు కూడా పని ఆపేయడంతో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. ఎవరికీ దాని మీద కోపం లేదు. ఆ ఇబ్బందిని పండుగ పనిలాగా భరించాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు భూపాలపల్లి సంబంధం వచ్చింది.

అంతకు ముందు వచ్చిన సంబంధాలన్నీ ఒక్క మాట దగ్గరే తప్పిపోయాయి. పెళ్ళయ్యాక పని మానాలన్నారు. నేను మాననన్నాను. బాపు నన్ను ఏమీ అనలేదు గానీ, పొలం నుంచి వచ్చి మాట్లాడకుండా కాళ్ళు కడుక్కునే తీరులోనే ఆయన బాధ తెలిసేది. ఈ సంబంధం తెచ్చింది మహబూబాబాద్‌లో ఉండే మా మేనమామ. అబ్బాయి బొగ్గు గనిలో ఉద్యోగి. "పిల్ల పని ఇడ్సిపెట్టద్దు అన్నడే, గా పిలగాడే అన్నడు" అని మామ ఫోన్‌లో చెప్పినప్పుడు నేను నమ్మలేక మళ్ళీ చెప్పించుకున్నాను. ఇంకో ముక్క కూడా చెప్పాడు. "వాని దగ్గర గూడ నీ అసొంటి చిన్న డబ్బనే ఉన్నది." అప్పటికి నేను అతని ఫోటో ఒక్కటే చూశాను. కానీ ఈ సంబంధం తప్పిపోతే మాత్రం ఏడుస్తానని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

చూపులు దసరా మర్నాడు అనుకున్నారు. తీరా చూస్తే దారులన్నీ బంద్. బైకు మీద వద్దామంటే అతని తల్లికి మోకాళ్ళ నొప్పులు. అతనొక్కడే వస్తానంటే వాళ్ళ మేనత్త ఒప్పుకోలేదు. ఆమె మాటే ఆ ఇంట్లో చెల్లుతుందని మామ ముందే హెచ్చరించాడు. పైగా ఆమె రేగొండలో ఇంకో పిల్లను చూసిపెట్టుకుంది. "పండుగెల్లంగనే చూపులు గాకపోతే రేగొండ పిల్లనే ఖాయం చేద్దాం. గింత దూరం సంబంధం మనకెందుకు?" అని తేల్చేసిందట.

మామ గొంతు ఫోన్‌లో నీరసంగా వినిపించింది. నేను ఆయన్ని ఆపి, "మామా, ఇద్దరి దగ్గర కంప్యూటర్లున్నయి గద, వాటిల్నే చూసుకుంటే అయిపాయె" అన్నాను.  ఆయన నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. ఎట్లా ఒప్పించాడో తెలియదు గానీ, సాయంత్రానికల్లా వాళ్ళను ఒప్పించాడు.

పండుగకు అక్కతో ఏదో లారీ ఎక్కి వచ్చి, తిరిగిపోయే దారి లేక మా ఇంట్లోనే చిక్కుబడిపోయిన బావ వెంటనే పెత్తనం తీసుకున్నాడు. చూపులన్నాక పలక ఏంటి, పెద్ద తెర ఉండాలి అని తన పెద్ద లాప్‌టాప్ బయటికి తీశాడు. దానికి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తీగ పెడితేనే బతుకుతుంది. సిగ్నల్ డాబా మీదే దొరుకుతుంది కాబట్టి కింద నుంచి పైకి తీగలు లాగించి, బల్ల వేయించి, దుప్పటి పరిపించి పెళ్ళిపందిరంత హడావుడి చేశాడు. నేను పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని పైకెక్కి కూర్చున్నాను. బావ నెట్ డాంగిల్ గుచ్చి, గొంతు సవరించుకున్నాడు. అప్పుడే కరెంటు పోయింది.

బావ నల్లని తెర వంక చూసి, నా వంక చూసి, "నీ మొగుడు బొగ్గు తీస్తలేడు గనుకనే గీ కరెంటు పోయింది" అన్నాడు. నాయినమ్మ పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వే తీరిక లేదు. అక్కడ మేనత్త ఎదురుచూస్తోంది. ఆలస్యమైతే ఆమెకు కావలసిన సాకు దొరికినట్టే. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగి, పూజ గదిలోకి ఉరికాను.

నిన్నటి ఆయుధ పూజలో అమ్మ ఇంట్లో పనిముట్లన్నింటికీ పూజ చేసింది. నాగలి, గడ్డపార, కొడవళ్ళు, బాపు బైకు, అక్క పాత కుట్టుమిషను, వాటి మధ్య పీట మీద నా డబ్బ. నేను అడగకుండానే పెట్టింది. ఇంకా అక్కడే ఉంది. తీసుకుని పైకి పరుగెత్తి మూత తెరిచాను. తెర పై అంచున నడిమధ్య పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. పండుగ బొట్టు చెరపడం ఎందుకని అట్లాగే ఉంచి, బావ దగ్గర డాంగిల్ లాక్కుని గుచ్చాను. అప్పటిదాకా దానిలో వీడియో కాల్ ఎన్నడూ చేయలేదు. చార్జింగ్ మాత్రం నిండుగా ఉంది. వాకిలి ఊడ్చే తీరిక లేదు కాబట్టి అది మేల్కొనే దాకా పంటి బిగువున కూర్చున్నాను.

కాల్ కలిసింది. తెర మీద పసుపు గుడ్డ వెనక కూర్చున్నట్టు ముగ్గురు మనుషులు మసకమసకగా కనిపించారు. నడుమ అతను, అటు తల్లి, ఇటు మేనత్త అని గొంతులను బట్టి తెలిసింది. వాళ్ళ దగ్గర ఎండ అట్లా ఉందేమో అనుకున్నాను.

మొదటి మాట మేనత్తదే. "గిదేందిరా? పిల్ల గింత ఎర్రగున్నది? సగం మొఖమే లేదు!"

"నెట్టు మెల్లగున్నది అత్తా" అన్నాడతను. గొంతు బాగుంది.

"నెట్టు మెల్లగుంటే మనిషి ఎర్రగైతదా? ఏమన్న దాస్తున్నరా? పిల్లను జర నడవమనుండ్రి."

లేచి నడిచాను. డాబా ఈ చివర నుంచి ఆ చివరకు, పట్టుచీర ఫెళఫెళలాడించుకుంటూ. అక్కడ బొమ్మ ఆగిపోయి మళ్ళీ కదిలినట్టుంది. "ఏమ్మా, పిల్ల నడిశిందా, దుంకిందా?" అని మేనత్త అరిచింది. ఈసారి మా నాయినమ్మ ఊరుకోలేదు. నన్ను పక్కకు జరిపి తెర ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మా పిల్ల నడిశింది, దుంకింది, అన్ని జేసింది. ఇగ మీ పిలగాడు నడవాలె. గనిల పనంటున్నరు, కాళ్ళు సక్కగున్నయో లేవో మాకెట్ల ఎర్క?"

 అటువైపు ఆ మసకలో ఒక మనిషి లేచి నిలబడి, అటు నుంచి ఇటు బుద్ధిగా నడిచాడు. కాదు, అతను కూడా దుంకాడు. మా డాబా అంతా నవ్వులే. నాకు అతని మీద అప్పుడే ఇష్టం కలిగింది. కానీ మేనత్త నవ్వలేదు.

"గిట్ల మసకల పిల్లను జూసి ఎట్ల ఖాయం జేస్తం? మొఖం సక్కగ కనపడని సంబంధం మనకద్దు. కట్టెయ్యిరా దాన్ని" అంది.

 కట్టేస్తే అయిపోయినట్టే. రేగొండ పిల్ల సిద్ధంగా ఉంది. ఏం తప్పు జరిగిందా అని తెర అంచులన్నీ వెతికాను. కింది మూలన చిన్నగా కనపడుతున్న నా బొమ్మ కూడా ఎర్రగానే ఉంది. ఎండకేసి చూశాను, ఎండ మామూలుగానే ఉంది. అప్పుడు నా కళ్ళు పైకి, ఆ బొట్టు దగ్గరికి పోయాయి.

"అమ్మా! కెమెరా మీద బొట్టు పెట్టినవా?"

"కెమెరానా? గదేడున్నది?" అంది అమ్మ వెనక నుంచి. "మూత మీద పెడితే ఈపు మీద పెట్టినట్టున్నది. మొఖం తెరిచి నొసటికి పెట్టిన."

కొంగు అంచు తడిచేసి తుడిచాను. పసుపూ కుంకుమా పోయాయి. "ఆ! గిప్పుడు కనపడుతున్నది" అని అటు నుంచి అతని తల్లి గొంతు. నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు గానీ, నా బుర్ర మాత్రం ఒక్కసారిగా తేటపడింది. అటువైపు వాళ్ళు ఇంకా పసుపు గుడ్డ వెనకే ఉన్నారు. కాబోయే పెళ్ళికొడుకుతో సిగ్గుపడుతూ మాట్లాడాలని అక్క నేర్పిన మాటలన్నీ మరచిపోయి, బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను.

"మీ కెమెరా మీద గూడ బొట్టున్నట్టున్నది. తెర మీది అంచుకు నడుమల జర చూడుండ్రి."

ఒక పెద్ద వేలు తెరంతా కమ్ముకుంది. రుద్దిన చప్పుడు. వేలు తొలగగానే అతను తేటగా, దగ్గరగా, నోరంతా తెరిచి నవ్వుతూ కనిపించాడు. ఇద్దరం ఒకేసారి చూసుకున్నాం. మా చూపులు జరిగింది అప్పుడే అని నేను ఇప్పటికీ అంటాను.

"నేనే పెట్టిన బిడ్డా" అంది అతని తల్లి సిగ్గుపడుతూ. "పండుగ గద."

"మేం గూడ గట్లనే పెట్టినం వదినె" అని అమ్మ ఇటు నుంచి అందుకుంది. పెళ్ళి ఖాయం కాకముందే వరస కలిపేసింది.

అంతా సర్దుకుందనుకున్నాను. మేనత్త మాత్రం ఆఖరి మాట తన దగ్గర దాచుకుంది. "పిల్ల మంచిగనే ఉన్నది, కాదంటలేను" అంది. "గని ఒక్క మాట. మా ఇంటికొచ్చినంక గా ఆట డబ్బ పట్టుకొని బడులెంబడి తిరుగుడు మాత్రం వద్దు. గది అక్కడనే ఇడ్సిపెట్టి రావాలె."

 బాపు తల దించుకున్నాడు. ఎన్నోసారో ఈ మాట వినడం. నేను నోరు తెరవబోయాను. వద్దనుకుంటే వద్దు, నేనే కట్టేస్తాను అనుకున్నాను. నా చెయ్యి మూత మీదికి పోయింది కూడా.

అప్పుడు అతని తల్లి మాట్లాడింది. అప్పటిదాకా మేనత్త మాటకు తలూపడమే తప్ప ఎదురుచెప్పని మనిషి. మోకాలు పట్టుకుని ముందుకు వంగింది.

"వదినె, ఆట వస్తువులకు పండుగ నాడు బొట్టు పెడతమా? నా కొడుకు గనిల పట్టుకపోయే లైటుకు పెట్టిన, గీ డబ్బకు పెట్టిన. గా తల్లి గూడ తన బిడ్డ డబ్బకు పెట్టింది. మనం బొట్టు పెట్టినమంటే గది పనిముట్టే గద. పనిముట్టు ఇడ్సిపెట్టి రమ్మని ఎవలన్న అంటరా?"

మేనత్త ఏదో అనబోయింది. వదినెను, మేనల్లుణ్ణి చూసింది. కొంగు సర్దుకుని వెనక్కి జరిగింది.

మా నాయినమ్మ మాత్రం తెరకు ముద్దుపెట్టినంత పని చేసింది. బాపు లేచి డాబా చివరకు పోయి, వీధి వైపు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ ఏ ఆలోచనతో దాన్ని నాగలి పక్కన పీట మీద పెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది. బావ పలక అన్న రోజుల్లో కూడా ఆమె దాన్ని అట్లాగే చూసింది, నోటితో చెప్పలేదు అంతే. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. రెండూ ఆపుకోలేదు. బావ నా నెత్తి మీద మొట్టికాయ వేసి, "పలక పాసైంది" అన్నాడు.

బస్సులు తిరిగాక పెళ్ళయింది. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. భూపాలపల్లిలో బడిలో చేరాను. ఆ మొదటి దసరాల్లో మా రెండు డబ్బలూ పీట మీద పక్కపక్కనే కూర్చునేవి. ఆయనది ముందు మూలకు చేరింది. నాది మాత్రం మొండిగా పనిచేస్తూనే ఉండింది.

తెలంగాణ వచ్చిన ఏడాది దసరాకు మేనత్త మా ఇంటికి జమ్మి పట్టుకుని వచ్చింది. అందరి చేతుల్లో ఆకులు పెట్టి, దీవించి, పూజ పీట దగ్గరికి పోయి నిలబడింది. ఆ పొద్దున నేను పనిలో పడి నా లాప్‌టాప్‌ను పీట మీద పెట్టడం మరచిపోయాను. ఆమె మా అత్తమ్మ మీద గయ్యిమంది.

"కోడలి పనిముట్టేదే? దానికి బొట్టు పెట్టకుంటనే పూజ అయిపోయిందా?"

నేను తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె మూత తెరిచింది. పసుపు వేలిని గాలిలో ఆపి, నా వైపు తిరిగి, "కన్ను యాడున్నది బిడ్డా?" అని అడిగింది.

చూపించాను. దాన్ని తప్పించి, పక్కన జాగ్రత్తగా బొట్టు పెట్టింది.