బకెట్‌లో ఎర

కళ్లద్దాల దుకాణం నడిపే ఆయనకు మూడు ఆదివారాలుగా ఒక్క చేపా పడలేదు. ఈసారీ ఉత్త చేతులతో వస్తే గాలాలను అటకెక్కిస్తానని అక్కతో అనేశాడు. ఎరలు తానే కడతాడు: సీసపు గుండున్న గాలానికి మేక వెంట్రుకలు చేర్చి, ఎర్ర దారంతో బిగిస్తాడు. నీళ్లలో అవి చిరుచేపల్లా ఆడాలి. ఎందుకు ఆడడం లేదో చూద్దామని ఒక ఎరను బకెట్‌లోకి వేలాడదీశాడు. అది మొద్దులా నిలబడింది.

"గడ్డం గీసుకునే బ్రష్షు కట్టావేంట్రా?" అంది చంకలో పిల్లితో వచ్చిన అక్క.

"ఒత్తుగా ఉంటే పెద్ద చేప వస్తుందనుకున్నానక్కా."

"కాస్త పలచన చేసి చూడు."

ఆ ఆలోచన ఆయనకు తట్టనే లేదు. చిన్న కత్తెరతో ఐదేసి వెంట్రుకలు తీసేస్తూ, ప్రతిసారీ ముంచి చూశాడు. సగం పోయినా మార్పు లేదు. నలభై మిగిలాక, ఎరను వేలాడదీసిన దారాన్ని వేలితో మీటగానే వెంట్రుకలు విచ్చుకుని, మళ్లీ మెల్లగా ముడుచుకున్నాయి.

ఇన్నాళ్లూ ఎరల వంక కన్నెత్తి చూడని పిల్లి, అక్క చంకలోంచి దూకి బకెట్‌లోకి పంజా చాచింది. ఆయన చటుక్కున ఎరను పైకి లాగాడు.

"గాలం ఉందే తల్లీ!"

"మొదటి బేరం తగిలిందిరా," అంది అక్క.

ఆయన రెండో ఎర కోసం అప్పటికే నలభై వెంట్రుకలు లెక్కపెడుతున్నాడు.