నీలం పట్టా మీద ఓడ

2025 ఏప్రిల్ 10, గురువారం, మధ్యాహ్నం మూడుంబావుకు మొదలైంది. రొంపిచర్ల దగ్గర మా తమ్ముడి మిరప కల్లంలో ఉన్నాం. ఇరవై రెండు బస్తాల కాయలు ఎండి, రెండు కుప్పలుగా ఉన్నాయి. మర్నాడు గుంటూరుకు తోలాలి. కౌలు పొలంలో ఆ ఏడు వాళ్లకు వచ్చిన పంటంతా అదే.

తమ్ముడు నేవీలో చేసి రిటైరయ్యాడు. నేను లెక్కల టీచరుగా చేశాను. ధ్వని కంటే దాదాపు మూడు రెట్లు వేగంగా పోయే క్షిపణిని ఆ ఉదయం టీవీలో చూపించారు. కదిలే ఓడను అది ఎలా పట్టుకుంటుందని అడిగాను. తమ్ముడు కుప్పకు కప్పాల్సిన నీలం పట్టాను నేల మీద పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, మధ్యలో గంపెడు కాయలు పోశాడు.

"ఇది సముద్రం, అది ఓడ."

"ఈ వయసులో బొమ్మలాటేంది? పడమట మబ్బు చూడండి," అంది మరదలు.

"అది మాచర్ల మబ్బు లేవే. మన దాకా ఎప్పుడొచ్చింది?"

అతను చెప్పిందిది. ఓడ ఎక్కడుందో ముందు ఒక విమానమో, మరో ఓడో చూసి చెప్పాలి. వదిలాక క్షిపణి తన కదలికను తానే లెక్కవేసుకుంటూ ఆ చోటికి పోతుంది.

"ఈలోపు ఓడ జరగదంట్రా?"

"జరుగుద్ది. నువ్వే లెక్కగట్టక్కా."

అతను చెప్పిన దూరం రెండు వందల కిలోమీటర్లు, క్షిపణి వేగం సెకనుకు తొమ్మిది వందల మీటర్లు. మూడు నిమిషాల నలభై రెండు సెకన్లు. సెకనుకు పదిహేను మీటర్లు పోయే ఓడ ఆలోపు మూడు కిలోమీటర్ల పైనే జరుగుతుంది. అందుకే క్షిపణి దగ్గరికొచ్చాక తన రాడార్ తెరిచి చుట్టుపక్కల వెతుకుతుందట. ముందే తెరిస్తే ఆ తరంగాలు ఓడకు తెలిసిపోతాయి.

"ఓడకూ రాడార్ ఉంటదిగా?"

"నీళ్లకు పది మీటర్ల ఎత్తులో వస్తదక్కా. భూమి వంపు అడ్డం. కనపడేసరికి ముప్పై కిలోమీటర్లే."

భాగించాను. ముప్పై మూడు సెకన్లు. అంతలోనే ఓడవాళ్లు ఎదురు క్షిపణి వదలాలి, రాడార్‌ను మోసగించడానికి సన్నని రేకు తునకలు గాలిలోకి చిమ్మాలి. ఆ తునకలకూ ఓడకూ తేడా వచ్చే క్షిపణికెలా తెలుస్తుందని అడుగుతుండగా చినుకు పడింది.

మరదలు ఒక కుప్ప అప్పటికే కప్పేసింది. రెండోదాని పట్టా మా కాళ్ల కింద ఉంది.

"ముందు ఆ ఓడను తియ్యి మహానుభావా!" అని అరిచింది. కాయలెత్తి, రాళ్లు తీసి, పట్టా లాగేసరికి కుప్ప తడిసిపోయింది.

మూడో రోజు తడి కాయలు తిరగబోస్తూ ఆ ప్రశ్న మళ్లీ అడిగాను.

"చేతులాడిస్తా మాట్లాడుకోండి వదినా," అంది మరదలు.

తునకలు గాలివాటున తేలుతాయి, ఓడ తన దారిన సాగుతుంది, మంచి రాడార్ ఆ తేడా పట్టగలదు అన్నాడు తమ్ముడు. ప్రతిసారీ పట్టలేదట.

తడిసినవి తొమ్మిది బస్తాలు. అయిదు నిలిచాయి. రెండు మచ్చపడి తాలు కాయల కింద తక్కువ ధరకు పోయాయి. రెండు బూజుపట్టగా పారబోశాం. పట్టా ఒకటి చిరిగింది.