సగం మైదానం

సంతోషమ్మ నేర్పే మొదటి పాఠం గోలు కొట్టడం కాదు, బంతి పోయిన మరుక్షణం వెనక్కి తిరగడం. బంతి వెంట పడకూడదు. దాన్ని తెస్తున్న మనిషి కంటే ముందే, దగ్గరి దారిన, మన గోలు ముందుకు చేరాలి. నారాయణఖేడ్‌లోని ఆ చర్చి బడిలో ఆడపిల్లలు దీన్ని ‘వాపస్ ఉరుకుడు’ అంటారు. తొమ్మిదేళ్లుగా అక్కడ తాత్కాలిక కోచ్‌గా ఉన్న ఆమెకు అంతకన్నా మంచి పేరు దొరకలేదు.

ఇప్పుడు ఆ పరుగే తెగిపోయింది. మండల పోటీలో, జట్టుకు ప్రాణమైన లిల్లీ ఎదుటి పిల్లను తరుముతూ వచ్చి, మైదానం నడిమి గీత దగ్గర నిలబడిపోయింది. దెబ్బ తగల్లేదు, ఆయాసమూ లేదు. వెనకే వచ్చిన ఇద్దరూ అక్కడే ఆగారు. ఎలాగో గెలిచి బయటపడ్డారు.

కారణం సంతోషమ్మకు తెలుసు. డిసెంబరు వస్తే బడి మైదానంలో దక్షిణపు సగం కందులది. రైతులు టార్పాలిన్లు పరిచి ఎండబోస్తారు. పిల్లలు మిగిలిన సగంలో ఆడతారు. వెనక్కి ఉరికిన ప్రతిసారీ గీత దగ్గర కాలు బిగబట్టాలి. పొరపాటున గింజ తొక్కితే వంగి, తాకి, కళ్లకు అద్దుకోవాలి. తల్లి నేర్పిన ఆ మర్యాదను ఏ కోచ్ మాన్పించగలదు? ఈ ఏర్పాటుకు ఎవరూ అనుమతి రాసివ్వలేదు, ఎవరూ కాదనీ రాయలేదు. అందుకే దాన్ని రద్దు చేయగల మనిషి కూడా లేడు.

శనివారం సంగారెడ్డిలో జిల్లా పోటీ. మొదటి ఆటే ఓడితే వచ్చే ఏడాది బడిలో ఫుట్‌బాల్ ఉండదని హెడ్మాస్టర్ తేల్చేశాడు. మైదానం సంగతి ఎత్తితే, కందులు పోసింది నీ పిల్లల తండ్రులే కదా, వాళ్లనే అడుగు అన్నాడు. ఆమెను కట్టేసిన ముడి అదే. తడి ఆరకపోతే బజారులో ఆ గింజను ఎవరూ ముట్టరు; ఆ ఇళ్లలో ఏడాది గడిచేది దానితోనే.

అయినా లిల్లీ తండ్రి అంబదాస్‌ను అడిగింది. అక్కడ పరిచిన టార్పాలిన్ పట్టాల్లో ఎక్కువ అతనివే.

"ఎన్ని దినాలు గావాలె టీచరమ్మా?" అన్నాడతను, గింజ కొరికి చూస్తూ.

"ఒక్క సాయంత్రం, అన్నా. గురువారం."

"గా ఒక్క పొద్దు కోసం సంచులకెత్తి వరండాలకు మొయ్యాల్నా? పొద్దుగాల మల్ల తెచ్చి పొయ్యాల్నా? ఇంకా పచ్చిగనే ఉన్నయ్."

"శనివారం నీ బిడ్డ గీత కాడ ఆగిందంటే, ఇగ ఆమెకు ఆట లేదన్నా."

అతను చాలాసేపు కందులను చేత్తో కలియబెట్టాడు. "మొయ్యనీకి నా కాడ మనుషుల్లేరు. పోరిలనే మొయ్యమను. ఒక్క గింజ మట్టిల పడొద్దు."

గురువారం మూడింటికి మొదలుపెట్టి, పదకొండు మంది పిల్లలూ సంతోషమ్మా కలిసి ఎత్తారు, మోశారు, రాలిన గింజలు ఏరారు. చివరి పట్టా మడిచేసరికి అయిదున్నర. గేటు దగ్గర పిల్లలను ఊళ్లకు చేర్చే కంగ్టి, మనూర్ ఆటోలు హారన్ కొడుతున్నాయి. ఒక్క పరుగుకు మాత్రమే వ్యవధి ఉంది.

ఎదుటి జట్టు మనిషిగా సంతోషమ్మ బంతి తానే తీసుకుంది. ఉత్తరపు గోలు దగ్గర నుంచి లిల్లీ కంటే పదడుగులు ముందుగా బయలుదేరింది. మైదానం మధ్యకు వచ్చేసరికి పిల్ల భుజం పక్కకు చేరింది, దాటింది, గీత మీదుగా దూసుకుపోయి గోలు ముందు తిరిగి నిలబడింది. బంతి ఒంటరిగా లిల్లీ కాళ్ల దగ్గరికి దొర్లింది.

"ఏమైంది టీచర్? ఎందుకు ఆగిన్రు?"

సంతోషమ్మ కిందికి చూసుకుంది. మడమలు గీత మీద బిగుసుకుని ఉన్నాయి. ముందున్నది వట్టి మట్టి.

"ఇంకొక్కసారి ఉరుకుదాం, లిల్లీ."

"ఆటో పోతది టీచర్."

పిల్ల బంతిని గోలు స్తంభం పక్కన పెట్టి, సంచి భుజాన వేసుకుని గేటు వైపు ఉరికింది. సంతోషమ్మ బంతి కోసం గీత దాటింది. నడిచే వెళ్లింది, పరుగెత్తితే కాలు మళ్లీ ఎక్కడ ఆగుతుందో ఆమెకు నమ్మకం లేదు.