రెండో తాడు

నేను గల్ఫ్‌ల, సలాలాల ఒక అరటితోటల పనిచేస్త. మా యజమానిని అర్బాబ్ అంటం. ఆయనకు పాత డబుల్ బ్యారెల్ తుపాకులంటే పిచ్చి. మంచియి కొనే తాహతు లేదు, తుప్పువట్టినయి అగ్గువకు తెస్తడు. గొట్టం పగిలితే చెయ్యి పోతదని, ముందుగాల తుపాకిని లారీ టైరుకు కట్టి, గోడ చాటుకుండి గొట్టానికో తాడు గుంజి పేలుస్తడు.

మొన్న నేను గూడ ఆయన పక్కన గోడ చాటునే ఉన్న. ఒక గొట్టం మంచిగనే పేలింది. రెండో తాడు గుంజితే చప్పుడే లేదు. ఏమైందో చూద్దామని లేచిన. మోటరు ఆగినా, కరెంటు పోయినా పోయి చూసుడు నా డ్యూటీనే కదా! అర్బాబ్ నా కాలర్ వట్టి కూలేసి బండబూతులు తిట్టిండు. ఆ తిట్ల నడుమనే అది పేలింది. గొట్టం ముక్క మా నెత్తి మీదికెల్లి పోయింది.

ఇన్నేండ్ల గల్ఫ్ బతుకుల పోయి చూడుమన్నోళ్లే గని, పోవద్దని గుంజినోడు ఈ పిచ్చోడొక్కడే.