ఎర్రవాటి మీద పెట్టిన ముక్క

వాషర్‌మెన్‌పేట్‌లో ఎక్కిన బస్సులో, నా పక్కనున్న ఆయన, తన భార్య ఇచ్చిన బొమ్మల అట్టముక్కను మళ్లీ ఒళ్లో పరిచిన ముక్కల్లో ఎర్రవాటి మీదే పెట్టాడు. "తప్పు," అందామె, నాలుగోసారి.

తలకు దెబ్బ తగిలి కోలుకున్న మనిషి. మనలి ఫ్యాక్టరీలో ఉద్యోగం నిలవాలంటే ఆ ఉదయం ఆసుపత్రి పరీక్షలో గట్టెక్కాలి; భార్య దానికే సాధన చేయిస్తోంది. ముక్కల్ని రంగును బట్టి జతచేయాలో, బొమ్మను బట్టో డాక్టరు చెప్పడు. ఒప్పు, తప్పు అంటాడంతే. పట్టు దొరికేసరికి పద్ధతి మార్చేస్తాడు.

"రంగు వొదిలెయ్ మామా, బొమ్మ చూడు."

"ఇరవై ఏండ్లు ఫ్యాక్టరీలో ప్రమాదమని ఎర్ర వాల్వు ముట్టకనే కదమ్మే బతికినా. ఇప్పుడు రంగు చూడొద్దంటే ఎట్ల?"

ఆమె ఇంకో ముక్క ఇచ్చింది. ఆయన చెయ్యి ఎర్రవాటి దాకా వెళ్లి ఆగింది. అంతలో ఆసుపత్రి స్టాపు వచ్చింది. ఇద్దరూ దిగిపోయారు. ముక్క ఇంకా ఆయన చేతిలోనే ఉంది.